పెద్దవీధిలో ఎడమ బూటు

నేను ఒక బూటును. ఎడమ కాలిది. నా జత ఏమైందని ఇప్పుడే అడగకండి, అది చివర చెప్పవలసిన మాట. మనుషులంటే నాకు పెద్ద అభిమానం లేదని మాత్రం ముందే చెప్పేస్తున్నాను. పదమూడేళ్ళు వాళ్ళను కింద నుంచి చూశాను. కింద నుంచి చూస్తే మనిషి గొప్పతనం అంతగా కనిపించదు.

పుట్టింది కాన్పూరులో. జర్మనీవాడితో యుద్ధం మొదలై అప్పటికి రెండేళ్ళు. చక్రవర్తి సైన్యాలకు బూట్లు చాలడం లేదని రాత్రింబవళ్ళు కుట్టించేవారు. నన్ను కుట్టినవాడికి చెప్పులు లేవు. మడమకు మేకులు కొట్టడం అయ్యాక లోపలికి చెయ్యి పోనిచ్చి, మొనలేమైనా పైకి పొడుచుకొచ్చాయేమోనని ఒకసారి తడిమి చూశాడు. అలా చూడమని అతనికెవరూ చెప్పలేదు. ఎప్పటికీ చూడబోని ఒకడి పాదం కోసం చూశాడు. ఇలాంటివి నా బతుకులో మూడో నాలుగో ఉన్నాయి. తక్కువ గనక గుర్తున్నాయి.

బస్రా రేవులో నన్ను మొదట తొడిగినవాడు సేలం వైపు మనిషి. పదకొండు రోజులకే జ్వరంతో పోయాడు. అతని కాళ్ళ నుంచి మమ్మల్నిద్దరినీ విప్పి, గుడ్డతో తుడిచి, మర్నాడు వరసలో నిలబడ్డ ఇంకొకడికి ఇచ్చారు. రాజ్యానికి మనిషి కంటే బూటు ఎక్కువకాలం పనికొస్తుంది.

ఆ ఇంకొకడే ఏసోబు. గోదావరి కాలవల కింద మొగలిపాలెం, ఊరి చివర మాలపేట. మునసబు బాపినీడు గారి దగ్గర పాలేరు. తాలూకా నుంచి ఊరికి ఇద్దరు మనుషులను పంపాలని తాకీదు వస్తే, బాపినీడు గారు తన కొడుకుల వైపు చూసుకుని, ఆ తరవాత పాలేరు వైపు చూశారట. "ఊరి పరువు నీ చేతిలో ఉందిరా" అన్నారట. అంతకుముందు ఏసోబు చేతిలో ఊరి పరువు ఉన్నట్టు ఎవరికీ తెలియదు. అతని భార్య మార్తమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు అతను రైలెక్కాడు.

ఏసోబు పుట్టి బుద్ధెరిగాక కాలికి ఏదీ తొడగలేదు. తొడిగినా మొగలిపాలెం పెద్దవీధి మొదట్లో విప్పి చేత పట్టుకోవాలి. అది అక్కడి ఆచారం. బస్రాలో మమ్మల్ని తొడిగి నాలుగడుగులు వేసి ఆగాడు. చుట్టూ చూశాడు, ఎవరైనా విప్పమంటారేమోనని. ఎవరూ అనలేదు. సముద్రం దాటి చావడానికి వచ్చినవాడికి దొరికిన మర్యాద అంతే. దానికే అతని నడక మారిపోయింది.

వాళ్ళది వంతెనలు కట్టే పటాలం. టైగ్రిస్ నది మీద పడవలను పక్కపక్కన చేర్చి, తాళ్ళతో బిగించి, పైన బల్లలు పరిచేవారు. దొరలు దాటేవారు, గుర్రాలు దాటేవి, ఫిరంగులు దాటేవి. తరవాత అవతలి ఒడ్డు నుంచి గుండ్లు ఇటు దాటేవి. ఒకరోజు తాడు తెగింది. నీళ్ళలో దిగాలి. బూట్లు తడిస్తే పాడవుతాయని ఏసోబు మమ్మల్ని విప్పి ఒడ్డున జతగా పెట్టి దిగాడు. రెండు పడవల మధ్య అతని ఎడమకాలు నలిగిపోయింది. నేను పాడవలేదు.

బొంబాయి ఆస్పత్రిలో మోకాలి కింద కొయ్యకాలు పెట్టారు. దానికి పాదమని చెప్పి మొద్దొకటి చెక్కి, దాని మీద నన్ను తొడిగి, జారకుండా నాలుగు మరమేకులు బిగించారు. అప్పటి నుంచి నేను అతను తొడుక్కునేదాన్ని కాదు. అతని పాదాన్ని.

ఆషాఢంలో కాలవ లాంచీ మా ఇద్దరినీ మొగలిపాలెం లాకు దగ్గర దింపింది. పెద్దవీధి మొదట్లో ఏసోబు ఆగి, కుడి బూటు విప్పి చంకలో పెట్టుకున్నాడు. చంకకర్ర మీద వాలి నడవబోయాడు. మునసబు గారు అరుగు మీద ఉన్నారు.

"వచ్చావా ఏసోబూ. రెండోది కూడా ఇప్పు."

"ఇది ఇప్పేది కాదండి. కాలండి."

"కాలికి లేసులెందుకురా?"

అరుగు మీదివాళ్ళు నవ్వారు. యుద్ధానికి పంపినవాడు ఒక కాలితో తిరిగొస్తే మొదట అడగవలసిన మాట అది కాదని అక్కడ ఒక్కడికీ తోచలేదు. ఏసోబు వెనక్కి తిరిగి చేలగట్టు మీదుగా వెళ్ళబోయాడు. బూటు విప్పలేనివాడికి మాలపేటకు మిగిలిన దారి అదే. ఊడ్పుల కాలం. పది అడుగులకే నేను బురదలో మోకాలి దాకా దిగబడ్డాను. మార్తమ్మా ఇంకో ఇద్దరూ వచ్చి మమ్మల్ని పైకి లాగారు.

ఈ బురద సంగతి అక్కడితో పోయేది కాదు. కాలవల దొర ఏసోబుకు లాకు మీద లస్కరు పని ఇచ్చాడు. రోజూ పొద్దు పొడిచేసరికి లాకు తలుపులు తెరవాలి, లాంచీని వదలాలి. ఒక్కరోజు ఆలస్యమైతే పని ఇంకొకరికి. పాలేరుతనం ఇక చెయ్యలేనివాడికి ఆ పనే బతుకు. పేటకూ లాకుకూ మధ్య కంకర పరిచిన దారి పెద్దవీధి ఒక్కటే.

పని దొరికిన మర్నాడే చావడిలో పంచాయితీ. నేను బూటునా కాలునా అని తేల్చడానికి పన్నెండు మంది పెద్దమనుషులు కూర్చున్నారు. తోలుంటే అది చెప్పు కిందే లెక్క అని కరణం అన్నాడు. మద్దెలకూ తోలే కదా, గుళ్ళోకి రానిస్తున్నాం కదా అని వెనక నుంచి ఒక ముసలాయన గొణిగాడు. ఆయన వైపు ఎవరూ చూడలేదు. చివరికి వడ్రంగి బ్రహ్మయ్యను పిలిచి, కాలు ఉంచి బూటు ఊడదియ్యమన్నారు.

బ్రహ్మయ్య ఉలి మొనను మరమేకు గాడిలో పెట్టి, పళ్ళు బిగించి తిప్పాడు. చెమట పట్టేదాకా తిప్పాడు. నాలుగూ అలాగే చేశాడు. తిప్పింది ఏ వైపో నాకు మాత్రమే తెలుసు. బిగిసే వైపు.

"ఊడవండి, చెక్కని పట్టేశాయి. బలవంతం చేస్తే చీలుద్ది. సర్కారు వారి కాలండి ఇది, రేపు దొరగారు అడిగితే నా పేరు చెప్పకండి" అని ఉలి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

బాపినీడు గారు కొంచెంసేపు ఆలోచించారు. "బూటు ఊడకపోతే కాలే ఇప్పుకుని నడుస్తాడు. ఆచారం ఆచారమే" అన్నారు. అందరికీ ఆ తీర్పు నచ్చింది.

మర్నాటి నుంచి తెల్లవారుజామున వీధి మొదట్లో ఏసోబు తొడకు బిగించిన తోలు పటకాలు విప్పి కొయ్యకాలు తీసేవాడు. మార్తమ్మ తల మీద కుదురు పెట్టుకుని, నీళ్ళకుండను ఎత్తుకున్నట్టు నన్నూ కాలినీ ఎత్తుకుని ముందు నడిచేది. వెనక అతను చంకకర్ర మీద కుంటుకుంటూ వచ్చేవాడు. అడుగడుగుకూ అతని ఊపిరి వినబడేది. వీధి దాటేసరికి చంక ఒరుసుకుపోయి రక్తం వచ్చేది. మార్తమ్మ వెనక్కి చూసేది కాదు. చూస్తే అతను ఆగుతాడు, ఆగితే ఆలస్యమవుతుంది.

నా మటుకు నేను జన్మలో మొదటిసారి మనుషుల ముఖాలు చూశాను. కింద నుంచి చూడడమే నయమనిపించింది.

శ్రావణంలో రాజమండ్రిలో దర్బారు. యుద్ధానికి మనుషులను పంపిన మునసబులకు కలెక్టరు చేతి మీదుగా యోగ్యతాపత్రాలు. బాపినీడు గారు జరీ తలపాగా చుట్టుకుని పొద్దున్నే లాంచీకి బయలుదేరారు. గడప దాటారో లేదో, మనిషి లేని కాలు ఒకటి, బూటుతో సహా, తల ఎత్తున ఎదురొచ్చింది.

అంతకంటే చెడ్డ శకునం ఉంటుందా? ఆయన లోపలికి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చున్నారు. మళ్ళీ బయలుదేరి లాకు చేరేసరికి లాంచీ వంపు తిరుగుతోంది. వేళ కాగానే లస్కరు తలుపులు తెరిచాడు. ఏసోబు వేళ తప్పడని కాలవ మీద అప్పటికే పేరు. ఆయన పత్రాన్ని ఆ దర్బారులో పక్కూరి మునసబు అందుకున్నాడట, తరవాత పంపుతానని చెప్పి.

రెండో రోజు బాపినీడు గారు మాకంటే ముందే లేచి వీధి మొదట్లో నిలబడ్డారు.

"మార్తా, ఆ కాలు కిందికి దింపు."

"మీరు చెప్పినట్టే చేస్తన్నామండి" అంది మార్తమ్మ. దించలేదు.

"వాడికి తగిలించు. తగిలించుకునే నడవమను."

ఏసోబు చంకకర్ర మీద నిటారుగా నిలబడ్డాడు. "బూటుతోనేనాండి?"

మునసబు గారు తన ఇంటి గడప వైపు ఒకసారి చూసుకుని అన్నారు: "అది కాలని నువ్వేగా చెప్పావు."

ఏసోబు అక్కడే కూర్చుని, తొందరేమీ లేనట్టు, ఒక్కొక్క పటకా బిగించుకున్నాడు. లేచి పెద్దవీధి కంకర మీద నన్ను మోపాడు. నా మడమ కింది మేకుల చప్పుడు అరుగు మీదికి బాగా వినబడింది.

వాళ్ళు మారిపోయారని అనుకోకండి. అనుమతి ఎడమ కాలికే. కుడిది రోజూ ఉత్తకాలే. పదకొండేళ్ళు అతను అలాగే నడిచాడు, ఒకటి తోలు, ఒకటి చర్మం. మేము దాటగానే నేను వేసిన గుర్తుల మీద పేడనీళ్ళు చల్లేవారు. ఒక్క మునసబు గారి తల్లి మాత్రం వాన రోజుల్లో తన వాకిటి ముందు ఊక చల్లించేది. గేదెలు జారతాయని చెప్పేది. ఆ వేళకు ఆ వీధిలో గేదెలు రావు. ఆ తల్లే మర్నాడు పేడనీళ్ళూ చల్లించేది. మనుషులను అర్థం చేసుకోవడం నా వల్ల కాలేదు.

సర్కారు సొత్తు గనక ఇప్పుడు లాకు పక్క సామాన్ల కొట్లో, విరిగిన తలుపు చెక్కల మధ్య ఉన్నాను. కొయ్యకు చెద పట్టింది. బ్రహ్మయ్య బిగించిన నాలుగు మరమేకులూ అలాగే ఉన్నాయి. మొన్న గుమాస్తా పాత సామాను జాబితా రాస్తూ, నన్ను తోలు కింద రాయాలో కొయ్య కింద రాయాలో తెలియక కలం ఎత్తి ఆగాడు. చివరికి 'ఇతరములు' అని రాశాడు. పన్నెండు మంది కంటే త్వరగానే తేల్చాడు.

జత సంగతి చెబుతానన్నాను. ఏసోబు లాకు దగ్గరే పోయాడు, పొద్దుటి లాంచీని వదిలాక, తలుపు చక్రం మీద చెయ్యి ఉండగానే. శ్రావణ మాసం, చేలగట్లు నీళ్ళలో ఉన్నాయి. శవాన్ని నులకమంచం మీద పెద్దవీధి గుండానే తేవాలి. మార్తమ్మ ఇంటికి వెళ్ళి కుడి బూటు తెచ్చింది. బస్రా నుంచి వచ్చిన రోజు వీధి మొదట్లో విప్పాక మళ్ళీ ఒక్కసారీ తొడగనిది. ఏటేటా ఆమె నూనె రాసి దాచింది. దాన్ని అతని కుడికాలికి తొడిగి లేసులు ముడి వేసింది. కొయ్యకాలు విప్పి, కుదురు పెట్టుకుని, నన్ను తల మీద ఎత్తుకుంది. అందుకే అంతా చూశాను.

అరుగు మీద బాపినీడు గారు, ముసలివారైపోయారు, మంచం వైపు చూశారు. బూటు చూశారు. నోరు తెరిచారు. వీధంతా ఆయన మాట కోసం చూసింది.

కొంతసేపటికి ఆయన నోరు మూసుకుని, లేచి నిలబడ్డారు.

మా కుడిది వీధి దాటింది.