మెట్లెక్కితే పన్ను నొప్పి

ధరణి కోరాపుట్‌లో నర్సింగు రెండో ఏడు చదువుతోంది. గుండె పాఠమైనా, మూత్రపిండాల పాఠమైనా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. పాఠాలు చెప్పే ప్రణతి మేడమ్ మాత్రం మెచ్చుకునేవారు కాదు.

"పుస్తకంలో పాఠాలు వేరు వేరు ధరణీ. మంచం మీదికొచ్చే మనిషి ఒక్కడే," అనేవారు. ఆ మాట ధరణి బుర్రకెక్కలేదు.

దసరా సెలవులకి తెరుబలిలో ఇంటికి వచ్చేసరికి, ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసే నాన్న దుర్గారావు అప్పుడే సైకిలు దిగి దవడ రుద్దుకుంటున్నాడు. పుచ్చుపన్ను పీకించుకుని నెల దాటినా నొప్పి పోలేదట.

సాయంత్రం ఇద్దరూ బజారుకెళ్ళి వచ్చేరు. క్వార్టర్స్ మెట్ల మలుపులో ఆయన సంచి దింపి దవడ నొక్కుకున్నాడు.

"ఏటయింది నాన్నా?"

"ఏటీ లేదమ్మీ. పాడు పన్ను. కాసేపు నిలబడితే సర్దుకుంటాది."

నిజంగానే సర్దుకుంది. ధరణికి అక్కడే అనుమానమొచ్చింది.

"అన్నం నమిలితే నొప్పొస్తాదా?"

"నేదు."

"మరెప్పుడొస్తాది?"

"డ్యూటీలో నిచ్చెనెక్కితే. సైకిలు గట్టిగా తొక్కితే."

ధరణి సంచి తను అందుకుంది. గుండెకి రక్తం చాలకపోతే ఆ బాధ దవడలోనూ తెలియొచ్చని తను చదివింది. పరీక్షలో రాసింది కూడా. రాసి మర్చిపోయింది.

"పద, రాయగడ ఎల్దాం. గుండె సూపిద్దాం," అంది, ఇంట్లోకెళ్ళి ఆయన్ని కూచోబెట్టేక.

"పంటికి గుండె డాక్టరేటే? నవ్వుతారు."

"పిల్ల సెప్తాంది కదా, లెగండి," అంటూ అమ్మ కామేశ్వరమ్మ ఉతికిన చొక్కా తెచ్చి చేతిలో పెట్టింది.

రాయగడ డాక్టరు నవ్వలేదు. ధరణి చెప్పిందంతా విని, అప్పటికప్పుడు మందులిచ్చి విశాఖపట్నం పంపించేరు. అక్కడ గుండె రక్తనాళంలో పూడిక కనబడింది. స్టెంట్ వేసేరు. "గుండెపోటు రాకముందే వచ్చేరు," అన్నారు అక్కడి డాక్టర్లు. దవడ నొప్పి మళ్ళీ రాలేదు. శీతాకాలానికల్లా దుర్గారావు తేలికపాటి డ్యూటీలో చేరేడు.

ధరణి చదువు తీరు మారింది. ఒక పాఠం మూసే ముందు, ఇది ఒంట్లో ఇంకెక్కడెక్కడ తెలుస్తుందని వెతుక్కునేది. కొన్ని రాత్రులు పేజీలు తక్కువే కదిలేవి. అయినా విసుగనిపించేది కాదు.

మాఘమాసంలో, ధరణి పని నేర్చుకునే ఆస్పత్రి వార్డుకి పొట్టంగి నుంచి అప్పమ్మ అనే ముసలామె వచ్చింది. కాలి పుండు మానడం లేదు. ధరణి కట్టు విప్పి, పుండు కడిగి, షుగరేమోనని స్టూలు దగ్గరికి లాక్కుంది.

"దాహం ఎక్కువేస్తాందా మామ్మా? రాత్రి నిద్ర పడతాందా? కళ్ళు బాగా అవుపిస్తాన్నాయా?"

"కాలు పుండయితే కళ్ళ గురించి అడుగుతావేటే అమ్మీ?" అని అప్పమ్మ నవ్వేసింది. తర్వాత దిండుకి ఆనుకుని, మొదట్నుంచీ చెప్పడం మొదలెట్టింది.