జాడీల అరుగు

ప్యో గిసొక్‌కు కాదనడం చేతకాదు. ఇళ్ళు కట్టే పనిలో తల నెరిసింది గాని ఆ ఒక్క మాట మాత్రం అతని నోటికి పట్టుబడలేదు. ఎవరేమడిగినా "అదెంత పని" అనేస్తాడు. ఆ మాట వల్ల నమ్వన్ చుట్టుపక్కల ఊళ్ళలో అతనికి మంచి పేరొచ్చింది. ఆ పేరంటే అతనికి ప్రాణం. దాన్ని నిలబెట్టుకోవడానికి ఎంత దూరమైనా పోతాడు, ఒక్క కాదనే మాట దాకా తప్ప.

సొల్గోల్ ఊరివాళ్ళు పెద్దల ఇల్లు కట్టమని అతన్ని పిలిచిందీ ఆ పేరు వినే. ఊళ్ళో ముసలివాళ్ళంతా పగటిపూట చేరి, కలిసి వండుకుని తిని, పేకాడుకుని, అడుగునుంచి వేడి చేసిన వెచ్చని నేల మీద నడుం వాల్చే ఇల్లది. పాతది కారి కారి ఇవాళో రేపో అన్నట్టుంది. కొత్తదానికి చోటిచ్చింది ఒక్బున్ అవ్వ. ఊరి మధ్యనున్న తన మిరపతోటను రాసిచ్చేసింది.

అవ్వ ఏదో చెట్టు కాయలు దులపబోయి పడి, తుంటి విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచీ ఆమెకు బ్యాటరీ బండే కాళ్ళు. ఊరంతా దాని మీదే తిరుగుతుంది గాని, పాత ఇంట్లోకి వెళ్ళాలంటే మాత్రం ఎవరో ఒకరు వచ్చి వీపు మీద ఎక్కించుకోవాల్సిందే. పని మొదలుపెట్టిన నాడు, శుభానికని పెట్టిన పంది తల ముందు మక్గొల్లి అనే బియ్యపు కల్లు పోసి అందరూ నేలకు మొక్కాక, అవ్వ బండి నడుపుకుంటూ గిసొక్ దగ్గరికొచ్చింది.

"నాయనా, నాకు ఒక్కటే కావాలి. నా బండి మీద నేనే లోపలికి పోవాలి. నన్నెవరూ ఎత్తకూడదు."

"అదెంత పనవ్వా. ముందువైపు ఎండపడే చోట పొడుగ్గా ర్యాంపు వస్తుంది. ప్లానులోనే ఉంది."

అవ్వ తలూపి వెళ్ళిపోయింది. తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఒకసారి చెబితే చాలనుకునే మనిషి.

మిగతావాళ్ళు అలాంటివాళ్ళు కాదు. పనివాళ్ళకు పొద్దునా మధ్యాహ్నం ఊరివాళ్ళే తినడానికి తెచ్చిపెట్టడం అక్కడి మర్యాద. వేడి నూడుల్స్ తెస్తారు, ఉల్లికాడల అట్లు తెస్తారు, గిన్నెల్లో మక్గొల్లి పోస్తారు. పోస్తూ పోస్తూ మెల్లగా అడుగుతారు. గిన్నె చేతిలో ఉండగా కాదనడం ఎవరికైనా కష్టమే, ఇక గిసొక్ సంగతి చెప్పక్కర్లేదు.

ముందు ఊరిపెద్ద తక్ సాంగ్మన్ మొదలుపెట్టాడు. గిసొక్ పక్కన చతికిలబడి, అటు చెరువు వైపు చెయ్యి చాపాడు.

"ఇదిగో, ఇక్కడ కూర్చుంటే ఏం కనబడుతోంది? రోడ్డు గట్టు. చచ్చేదాకా గట్టు చూస్తూ పేకాడమంటావా? నేల ఒక్క మోకాలెత్తు లేపావనుకో, చెరువంతా కళ్ళముందే."

"అదెంత పని," అన్నాడు గిసొక్, అట్టు తుంచుకుంటూ.

నేల లేచింది. నేల ఎంత ఎత్తయితే ర్యాంపు అంత పొడుగు పోవాలని అతనికి తెలియక కాదు. ముందువైపు చోటుంది కదా, పొడుగు పెంచితే సరిపోతుందనుకున్నాడు.

తర్వాత వంతు ఆడవాళ్ళ సంఘం పెద్ద కుమ్రేది. ఆమె చేతి వంట రుచి ఊరికి తెలుసు, ఆమె నోటి దురుసూ తెలుసు.

"మాకు జాడీల అరుగు ఏదయ్యా? అందరం కలిసి వండుకోవాలంటే సోయా ముద్ద, మిరప ముద్ద జాడీల్లో ఊరబెట్టుకోవద్దా? ఎండ తగలకపోతే పురుగు పడుతుంది. ఎండంటే ముందువైపే."

"ముందువైపు ర్యాంపు రావాలి కదక్కా."

"అది పక్కకు పెట్టుకో. ర్యాంపుకు ఎండతో పనేంటి?"

అందరూ నవ్వారు. గిసొక్ కూడా నవ్వాడు. నవ్వాక కాదనడం మరీ కష్టం. నదిరాళ్ళతో చక్కని అరుగు కట్టించి ఇచ్చాడు. ర్యాంపును పక్కవైపుకు జరిపాడు. అయితే ఆ పక్కనే మగవాళ్ళు చదరంగమాడుకునే చెక్క తిన్నె అడిగారు, అక్కడ నీడ బాగుంటుందని. దానికీ అదెంత పని అన్నాడు. ప్రతివాళ్ళూ అడిగింది కాస్తే. ఎవరి కాస్త వాళ్ళకు న్యాయమే. అన్ని కాస్తలూ కలిసి ఒక్బున్ అవ్వ దారిని మింగేశాయి.

చివరికి మిగిలింది వెనక వంటింటి పక్క సందు. పొట్టి సందు. అందులో గిసొక్ ఒక ర్యాంపు పోయించాడు. దాన్ని ర్యాంపు అనేది కట్టినవాడొక్కడే. ఇంటి కప్పంత ఏటవాలుగా ఉంది. సిమెంటు ఆరాక ఎవరూ లేనప్పుడు ఇసక బండి ఒకటి తోసి చూశాడు. సగం ఎక్కి జారి వెనక్కొచ్చి అతని మోకాలికి తగిలింది. గిసొక్ చుట్టూ చూశాడు. ఎవరూ చూడలేదు. ఇసక ఎత్తుకుని, బండి తిప్పుకుని, ఏమీ జరగనట్టు వెళ్ళిపోయాడు. అవ్వను ఎవరో ఒకరు వెనకనుంచి తోస్తారులే అని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ మాట అబద్ధమని అనుకునేటప్పుడే తెలుసు.

ఇల్లు తెరిచే రోజు ఊరంతా వచ్చింది. మళ్ళీ పంది తల పెట్టారు, ఆవిరి మీద ఉడికిన రొట్టెలు పంచారు. అందరూ గిసొక్ వీపు తడుతున్నారు. చెరువు కనిపిస్తోందని తక్, జాడీలకు ఎండ తగులుతోందని కుమ్రే వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు. అప్పుడొచ్చింది ఒక్బున్ అవ్వ. పెట్టె అడుగునుంచి తీసిన పట్టు రవిక తొడుక్కుంది, జుట్టు నున్నగా దువ్వుకుంది. ముందున్న మెట్లు చూసింది. జాడీల అరుగు చూసింది. బండి తిప్పి, దారి ఎక్కడుందో తనే వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళింది.

గిసొక్ ఆమె వెనకే పరిగెత్తాడు. అప్పటికే బండి ర్యాంపు ఎక్కుతోంది. సగంలో ముందు చక్రం గాల్లోకి లేచింది. అతను రెండు చేతులతో పట్టుకుని ఆపకపోతే అవ్వ వెల్లకిలా పడేది. ఆమె ముఖం తెల్లగా పాలిపోయింది.

చప్పుడు విని జనం వచ్చారు. తక్ నవ్వుతూ చేతులు చరిచాడు.

"ఏముంది దీంట్లో, కాంట్రాక్టరు ఉన్నాడుగా. ఎక్కించుకోవయ్యా అవ్వను. కట్టినవాడే మోసుకెళ్తే అంతకంటే శుభమేముంటుంది?"

అందరూ అవునన్నారు. గిసొక్ వంగి వీపు చూపాడు. అంతమంది ముందు అవ్వ కాదనలేకపోయింది. అతను ముందువైపు తిరిగొచ్చి మెట్లెక్కుతుంటే జనం చప్పట్లు కొట్టారు. కన్నకొడుకు కూడా ఇంతలా చూసుకోడని ఎవరో అన్నారు. ఫోన్లెత్తి ఫోటోలు తీశారు. అవ్వ బరువే లేదు. ఆమె చేతులు మాత్రం అతని మెడ పట్టుకోకుండా పిడికిళ్ళుగా బిగుసుకున్నాయి. పై మెట్టు మీద అతని చెవి దగ్గర మెల్లగా అంది.

"నీకు ముందే చెప్పాను గదయ్యా."

కోప్పడినా బాగుండేది. గిసొక్‌కు చెవులు కాలిపోయాయి. చప్పట్లు ఆగితే చాలనిపించింది, అవి ఆగలేదు.

లోపల విందు మొదలైంది. అవ్వను గోడవారన, మంచి వెచ్చని చోట కూర్చోబెట్టారు. అందరూ తింటున్నారు, తాగుతున్నారు. గిసొక్ కళ్ళు ఆమె వైపు పోకుండా చూసుకుంటున్నాడు, అయినా పోతూనే ఉన్నాయి. ఆమె ముందు చారు గిన్నె నిండుగా అలాగే ఉంది. మంచినీళ్ళూ అలాగే ఉన్నాయి. ఉండబట్టలేక లేచి వెళ్ళి, తీపి బియ్యపు పానీయం గ్లాసులో పోసి రెండు చేతులతో అందించాడు.

"ఒక్క గుక్కైనా తాగవ్వా. పొద్దుట్నుంచీ ఏం ముట్టలేదు."

"వద్దు నాయనా. తాగితే కాసేపటికి బయటికి మొయ్యమని మళ్ళీ నిన్ను పిలవాలి."

ఆమె అది గొణిగింది గాని అతనికి ఊరంతా విన్నట్టే అనిపించింది. పాత ఇంట్లో ఇన్నేళ్ళూ ఆమె అలాగే గొంతెండిపోయి కూర్చునేదన్నమాట. ఒక్క గ్లాసు నీళ్ళు ధైర్యంగా తాగడానికి తోట ఇచ్చేసింది. దానికి అతను అదెంత పని అన్నాడు.

గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"జాడీల అరుగు తీసేయాలి. తిన్నె కూడా. అక్కడ ర్యాంపు రావాలి. తప్పు నాదే. తెలిసే చేశాను."

కుమ్రే అందుకుంది.

"ఏంటీ, జాడీలు సర్ది ఇంకా నడుం నొప్పి తగ్గలేదు, తీసేస్తావా? ఎక్కువ తాగినట్టున్నావు, కూర్చో."

"అవ్వ కోసమైతే మేం లేమా," అన్నాడు తక్. "ఇన్నేళ్ళూ మొయ్యలేదా? లేదంటే నువ్వే రోజూ వచ్చి మొయ్యి. వీపు గట్టిదేగా."

అందరూ పగలబడి నవ్వారు. గిసొక్‌కు కూడా పెదాలు అలవాటుగా సాగాయి. అవ్వ మాత్రం తల వంచుకుని రవిక అంచు సవరించుకుంటోంది. అది చూశాక అతని నవ్వు ఆగిపోయింది.

"కుదరదు," అన్నాడు.

ఆ మాట అతని నోట రావడం ఎవరూ ఎరగరు. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి.

మర్నాడు జాడీలన్నీ కుమ్రే పెరట్లోకి మోసిపెట్టాడు. ఆమె గుమ్మంలో నిలబడి, ఒక్కటి పగిలినా ఊరుకోనంది. నదిరాళ్ళు పెకలించాడు, తిన్నె విప్పాడు. ఈసారి ఎవరూ నూడుల్స్ తేలేదు. ఆ దారిన పోయేవాళ్ళు పలకరించలేదు. మాట మీద నిలబడనివాడని తక్ పక్క ఊళ్ళో కూడా చెప్పాడట. గిసొక్ ఇంటినుంచి తెచ్చుకున్న ముద్ద ఒక్కడే తిని, మళ్ళీ పారపట్టాడు. ఇన్నాళ్ళూ తను మంచితనమనుకున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. గిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడినవాళ్ళకు ఔననడం, ఎదురుగా లేనివాళ్ళ నోటి దగ్గరిది తీసి ఇవ్వడం. అది తలచుకుంటే ఒంటరిగా ఉన్నా ముఖం దాచుకోవాలనిపించింది.

ముందువైపంతా ఎండలో ర్యాంపు పొడుగ్గా, నిదానంగా ఎక్కింది. ఆరిన రోజున అవ్వకు కబురు పెట్టాడు.

ఆమె రోజూ తొడుక్కునే పూల పైజమాలోనే వచ్చింది. గిసొక్ పక్కకు తప్పుకుని, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. బండి ఎక్కడా ఆగకుండా పైకి పోయింది, మలుపు తిరిగింది, గుమ్మం దాటింది. లోపల ఎవరూ లేరు. వంటింటి కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది, గ్లాసు నిండిన చప్పుడు వినిపించింది. కాసేపాగి మళ్ళీ కుళాయి తిప్పింది.

ఆమె గుమ్మం దగ్గరికొచ్చి అతని వంక చూస్తుందేమో, ఒక్క మాటేదైనా అంటుందేమోనని గిసొక్ అక్కడే నిలబడ్డాడు. అవ్వ వచ్చింది. చలిగాలి లోపలికి రాకుండా తలుపు మూసుకుంది. అతన్ని లోపలికి రమ్మనలేదు.