పడేసే మెట్టు

స్కాట్లాండ్ కొండల్లోని ఆ రాతి బురుజు ఇంట్లో, మెలితిరిగే మెట్ల మధ్య ఒక మెట్టును పూర్వీకులు కావాలనే ఎత్తుగా కట్టారు, చీకట్లో ఎక్కివచ్చే శత్రువు తట్టుకుని పడాలని. శత్రువులు రావడం మానేశాక అది పాస్టరుగారిని, ఇద్దరు పెళ్లికొడుకులను పడేసింది. ఇంటివాళ్లను మాత్రం ఎన్నడూ పడేయలేదు.

ఇల్లు అమ్మేసిన గ్రిజెల్, పైగదిలో మరిచిపోయిన కెటిల్ కోసం వచ్చింది. కొత్త యజమాని పెటిగ్రూ ఒక్కసారి పడితే కళ్లారా చూసి వెళ్లాలని ఆమె ఆశ.

"మీరు ముందు పదండి బాబూ."

అతను హాయిగా ఎక్కేశాడు. వెనకే గ్రిజెల్ ఆ మెట్టు దగ్గర అలవాటుగా కాలు బాగా ఎత్తి వేసి, బోర్లా పడింది.

"అయ్యో, చెప్పడం మరిచానమ్మా! నిన్ననే ఆ మెట్టు చెక్కించి సమం చేయించాను. దెబ్బ తగిలిందా?"

"లేదు బాబూ. అది పరాయివాళ్లనే పడేస్తుంది," అంది గ్రిజెల్, మోకాళ్లు దులుపుకుంటూ. "ఆ కెటిల్ మీరే తెచ్చిపెట్టండి."