ఊఁ కొట్టినవాడు

"సముద్రం వదిలినా ఆ మనిషి కబుర్లు వదలవు, ఆ పిల్ల గతేం కానుందో!" అని మా పక్కింటావిడ మా అత్తతో అందట. ఆ మనిషి మా ఆయన. ఆ పిల్లను నేను. ఒక దీవిలో అమ్ముడైన తెరచాప పడవను ఇంకో దీవిలో కొన్నాయనకు అప్పగించడానికి మేమిద్దరం, మా మరిది బయల్దేరి ఆవేళకి పదకొండో రోజు.

మా ఆయన వడ్రంగి. వెనక చుక్కాని పట్టుకుంటే కథ ఎత్తుకోవాల్సిందే. మరిది దర్జీ. పడవ ముందు కూర్చుని చిరిగిన తెరచాప కుడుతూ ఊఁ కొట్టాల్సిందే. మధ్యలో పెద్ద తెరచాప అడ్డం, ఒకరికొకరు కనబడరు. ఊఁ వినబడితే మనిషి ఉన్నట్టు. అదే మా కట్టుబాటు.

ఆ పొద్దున గాలి అంతంతమాత్రం. నీళ్ళు నూనె రాసినట్టు నున్నగా ఉన్నాయి. న్యాయాధికారి అయిన మేక కథ నడుస్తోంది. నేను కింద టీ కాచి, ఒక గ్లాసు పట్టుకుని ముందుకు వెళ్ళాను.

సగం కుట్టిన తెరచాప ఉంది. అందులో గుచ్చిన సూది ఉంది. నడుముకు కట్టుకునే తాడు కొక్కెం ఊడి వేలాడుతోంది. మనిషి లేడు.

"ఏమండీ! మీ తమ్ముడు లేడు!"

"లేకపోవడమేంటే, ఇప్పుడేగా ఊఁ అన్నాడు!"

నిజమే. మెట్లెక్కుతూ నేనూ విన్నాను.

ఎప్పుడు పడ్డాడో తెలిస్తేనే ఎంత వెనక్కి వెళ్ళాలో తెలుస్తుంది. మా ఆయన భుజం పట్టుకు కుదిపాను. "మీ కోతలకు ఎదురు చెప్పకుండా ఎప్పుడైనా ఊరుకున్నాడా? చివరిసారి ఎక్కడ అడ్డం తగిలాడు?"

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "మేక కోటు తొడుక్కుందంటే, 'మేకకు భుజాలెక్కడివి అన్నయ్యా, కోటు నిలవడానికి?' అన్నాడు. ఆ తర్వాత... మేక ఎగిరిందన్నా ఊఁ అన్నాడే!"

"అది జరిగి ఎంతసేపైంది?"

"గంట దాటింది."

ఇంజను వేసి, వచ్చిన దారినే పడవ తిప్పాం. ఎవరూ కథ చెప్పడం లేదు. అయినా ముందువైపు నుంచి ఉండుండి ఊఁ అని వినబడుతూనే ఉంది. నేను ఆయన మొహం చూడలేదు. ఆయన నా మొహం చూడలేదు.

చివరికి నీళ్ళ మీద తెల్లటి చుక్క కనబడింది. తనతోపాటు జారిపడ్డ ఖాళీ నీళ్ళ డబ్బాను కావలించుకుని తేలుతున్నాడు మరిది. ఇద్దరం కలిసి పైకి లాగాం. పెదాలు నీలంగా ఉన్నాయి, పళ్ళు టకటకమంటున్నాయి. మా ఆయన వాణ్ణి వాటేసుకుని ఏడుస్తూనే తిట్టాడు.

"నోరు పడిపోయిందట్రా వెధవా? ఒక్క కేక వేస్తే ఆపేవాణ్ణి కదరా!"

మరిది మా వైపు చూడలేదు. తెరచాప అవతలికి చూస్తున్నాడు.

"వేశా అన్నయ్యా. నా చోట కూర్చున్నవాడు వెనక్కి తిరిగి చూశాడు."