పియర్‌చెట్టు వాళ్ళు

రబ్బరు షీటును గ్రానైటు మీద పరిచి, గాలి బుడగ మిగలకుండా అరచేత్తో అదుముతున్నాడు ఆనందబాబు. అక్షరాల మేరకు షీటు కోసి తీసేస్తే, మిషన్‌తో ఇసుక జోరుగా చిమ్మినప్పుడు రాయి అక్కడే తెగుతుంది. కాలిఫోర్నియాలో, శాన్ హోసేలోని ఆ సమాధిరాళ్ళ షాపులో పన్నెండేళ్ళుగా, ఈ 1984 దాకా, ఆయన పని ఇదే. నోట్లోంచి మాట ఊడిపడదు మహానుభావుడికి. కస్టమర్ కనిపిస్తే వెనకగదిలోకి జారుకునే రకం.

పక్క బల్ల వారం నుంచి ఖాళీ. అది జో పెర్రీది. అసలు పేరు జుజే పెరెయిరా. పోర్చుగల్ వాళ్ళ అజోర్స్ దీవుల నుంచి వచ్చి పళ్ళ డబ్బాల ఫ్యాక్టరీలో చేరిన రోజున, నోరు తిరగని మేస్త్రీ పెర్రీ అని రాసేసుకున్నాడు. అంతే, అదే ఖాయమైపోయింది.

"పెరెయిరా అంటే పియర్ చెట్టు. ఒలివెయిరా ఆలివ్ చెట్టు. పోర్చుగల్‌కి పైనున్న గలీషియాలోనూ ఇలాంటి పేర్లే. మరి మీది?" అని జో ఒకసారి అడిగాడు.

"చింతలపూడి. చింతచెట్ల ఊరు."

"అయితే నువ్వూ చెట్టువాడివే!" అంటూ వీపు చరిచాడు. అందరికీ ఉత్త బాబు అయిన మనిషిని ఈ దేశంలో ఇంటిపేరు అడిగినవాడు జో ఒక్కడే. ఆ రోజు ఆనందబాబు ఎంత పొంగిపోయాడో!

ఆసుపత్రిలో చేరేముందు జో తన సమాధిరాతికి షీటు తానే కోసుకున్నాడు, పెరెయిరా అని. "నువ్వే చెక్కాలి," అని అది దాచిన సొరుగు చూపించాడు.

మధ్యాహ్నం జో కొడుకు వచ్చాడు. తండ్రి పొద్దున ఆసుపత్రిలో పోయాడట. ఆర్డరు కాగితం మీద పెర్రీ అని ఉంది. ఎన్నడూ లేనిది, ఆనందబాబు కౌంటరు దాకా వెళ్ళి షీటు విప్పాడు.

"సర్, మీ నాన్న ఇది కోసి పెట్టుకున్నాడు."

కొడుకు షీటును వెనక్కి జరిపాడు. "నా పిల్లలు పెర్రీలు. వాళ్ళు వచ్చి ఈ పేరు చదివితే ఎవరో అనుకుంటారు."

ఆనందబాబు ఇంటికి ఫోన్ చేశాడు. "మనకెందుకండీ? జాబ్ పోతుంది. వాళ్ళు ఆర్డర్ చేసిందే చెక్కేయండి," అంది భార్య నవోమి.

చెక్కాడు. ఏడుపొచ్చింది. దుమ్ముముసుగులో ఎవరికీ కనపడలేదు.

సాయంత్రం జో షీటు తిరిగి సొరుగులో పెడుతుంటే అడుగున చుట్టిపెట్టిన ఇంకో షీటు తగిలింది. విప్పాడు. జో కోతే. ఇంగ్లీషు అక్షరాల్లో చింతలపూడి అని ఉంది, పక్కన ఒక చెట్టు. చింతచెట్టును జో ఏనాడూ చూడలేదు. కొమ్మలకు వేలాడుతున్నవన్నీ పియర్ కాయలే.