కోడ్ అమ్మీ దగ్గర ఉంది

మూడేళ్లపాటు ఆ ఆఫీసు పాస్‌వర్డ్ కంప్యూటర్ అంచుకు గాయాల ప్లాస్టర్‌తో అంటించి ఉండేది. ఆసిఫాబాద్‌లోని ఆ రక్తదాన సంస్థకు ఎవరొచ్చినా కాళ్లు చాపుకుని మరీ చదువుకోవచ్చు. చాయ్ తెచ్చేవాడైతే దాన్ని కంఠతా పట్టి, కొత్తగా చేరినవాళ్లకు నేర్పేవాడు. చివరికి ఎవడో మహానుభావుడు అదే పాస్‌వర్డ్‌తో వెబ్‌సైట్‌లోకి దూరి, లేని రోగుల పేర్లు రాసి, రక్తం బాటిళ్లు తెప్పించి బయట అమ్ముకున్నాడు. కరీంనగర్‌లోని పెద్దాఫీసు అప్పటికి గానీ నిద్ర లేవలేదు. లేచాక మాత్రం ఊరుకోలేదు. ప్లాస్టర్ పీకించింది. ఎవరి ఖాతా వారిదే, ఒక్కో ఖాతాకు రెండు తాళాలు అంది. మొదటిది పాస్‌వర్డ్, రెండోది ఫోన్‌కు వచ్చే కోడ్.

ఈ సంగతి ఆ ఆఫీసులో రోగుల వివరాలు ఎక్కించే ముబీనాకు పది రోజుల ముందే తెలుసు. రోజూ పొద్దున లాగిన్ కాగానే రెండో తాళం పెట్టుకొమ్మని తెర మీద వచ్చేది. కింద రెండు మీటలు, "ఇప్పుడే" అనొకటి, "తర్వాత" అనొకటి. ముబీనా రోజూ "తర్వాత" నొక్కేది.

బద్ధకం అనుకునేరు, కాదు. ఖాతాలో ఉన్న నంబరు భైంసాలో ఉన్న ఆమె తల్లి బిస్మిల్లా బీది. ఈ కొలువుకు దరఖాస్తు పెట్టిన రోజుల్లో ఇంటిల్లిపాదికీ ఉన్న ఫోన్ అదొక్కటే. మొదటి జీతంతో ముబీనా సొంత ఫోన్ కొనుక్కుంది గానీ ఆఫీసులో నంబరు మార్చలేదు. ఇప్పుడు మార్చాలంటే కోడ్ ఆ పాత నంబరుకే పోతుంది. అమ్మీకి ఫోన్ చేసి అడగాలి. అమ్మీతో నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడాలంటే ఏడాదిన్నరగా ముబీనాకు గుండె పీచుపీచుమంటోంది. తిన్నవా అంటే తిన్న, ఉంటా మరి అంటే ఉండు. అంతకు మించి సాగనిచ్చేది కాదు.

ఆ మంగళవారం "తర్వాత" అనే మీట మాయమైంది. రోగి ఎవరైనా వచ్చినప్పుడు చూద్దాంలే అని ముబీనా తెర మూసేసింది.

సరిగ్గా ఆ రోజే బక్కయ్య తన మనవరాలు స్తుతిని తీసుకొచ్చాడు. ఏడేళ్ల పిల్ల. తలసేమియా. నెలనెలా రక్తం ఎక్కించకపోతే నిలబడలేదు. పరీక్షలన్నీ అయి, డాక్టరు చీటీ ముబీనా టేబుల్ మీదకు వచ్చేసరికి పొద్దు వాలింది. సాయంత్రం ఐదులోపు వెబ్‌సైట్‌లో రాస్తే తెల్లారి కరీంనగర్ బండిలో బాటిల్ వస్తుంది. లేదంటే మళ్లీ బండి వచ్చేది వారానికి.

"జర జల్ది జెయ్యి బిడ్డా. పోయిన నెల గిట్లనే లేటైతే బడిల పడిపోయింది పోరి" అన్నాడు బక్కయ్య. స్తుతి తాత భుజానికి తల ఆనించి, పాలిపోయిన పెదాలతో ముబీనానే చూస్తోంది.

ముబీనా కోడ్ పంపమని నొక్కి అమ్మీకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. సాయంత్రపు అసర్ నమాజు వేళ అని అప్పుడు గుర్తొచ్చింది. ఐదు నిమిషాల్లో కోడ్ గడువు తీరిపోయింది.

రెండోసారి పంపించుకుంది. ఈసారి అమ్మీ ఎత్తింది.

"అమ్మీ, నీ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది సూడు. ఆరంకెల నంబర్. జర సదివి చెప్పు."

"ఎవరు నువ్వు?" అంది బిస్మిల్లా బీ.

"నేనమ్మీ! ముబీనాను!"

"పేరైతే ముబీనాదే వడ్డది. గొంతు గూడ ఆమెదే. గని దొంగలు పేరు తెప్పిస్తరట, గొంతు గూడ తెప్పిస్తరట. షోయబ్ చెప్పిండు."

ముబీనాకు అప్పుడు అర్థమైంది. భైంసాలో వాళ్ల గల్లీలో చాయ్ హోటల్ మహమూద్‌కు రెండు నెలల కింద ఒక ఫోన్ వచ్చింది. దుబాయిలో ఉన్న కొడుకు గొంతు. ఏడుస్తూ ఫోన్‌కు వచ్చిన నంబరు అడిగింది, మహమూద్ చెప్పాడు, బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. ఆనాడే ముబీనా తమ్ముడు షోయబ్ అమ్మీ చేత ఒట్టు వేయించాడు, నేనే అడిగినా సరే నంబరు చెప్పొద్దని. వాడు మంచి పనే చేశాడు. ఆ మంచి పని ఇవాళ అక్క మెడకు చుట్టుకుంది.

"షోయబ్‌నే అడుగు పో" అని అమ్మీ ఫోన్ పెట్టేసింది. షోయబ్‌కు చేస్తే ఎత్తడే. పత్తి సీజను, తను పనిచేసే జిన్నింగ్ మిల్లు మిషన్ల మోతలో వాడికి పిడుగు పడినా వినపడదు. రెండో కోడ్ కూడా పోయింది. ఇంకొక్కసారే అవకాశముంది, తప్పితే ఖాతా రేపటిదాకా మూతపడుతుంది అని తెర మీద ఎర్రగా రాసి వచ్చింది.

"నా ఖాతాల రాయరాదమ్మా. రాసేది నువ్వు, ఓకే జేసేది నేను. ఇద్దరు ఒక్కరే కావద్దని పెట్టిండ్రు" అన్నాడు ఆఫీసు పెద్ద ప్రేమ్‌చంద్. అప్పటికే ఆయన కరీంనగర్‌కు ఫోన్ చేసి బతిమాలాడు. నోటిమాట మీద చుక్క కూడా ఇచ్చేది లేదన్నారు. మొన్న జరిగిన దొంగతనం తర్వాత వాళ్లను తప్పుపట్టేదేముంది? ఆయన కుర్చీలో కూలబడి, కళ్లు మూసుకుని పెదాలు కదిలిస్తున్నాడు. ప్రార్థనే కావచ్చు.

ఐదవడానికి ఎంతో సేపు లేదు. పది రోజులు "తర్వాత" నొక్కిన తన వేలిని తనే కొరుక్కోవాలన్నంత కోపం వచ్చింది ముబీనాకు. చివరి కోడ్ పంపించుకుని మళ్లీ చేసింది.

"మళ్ల నువ్వే" అంది బిస్మిల్లా బీ.

"అమ్మీ, పెట్టెయ్యకు, నీ కాళ్లు మొక్కుత. ఇక్కడ చిన్నపిల్ల ఉంది. ఆమెకు రక్తం కావాలె. నువ్వు నంబర్ చెప్తెనే వస్తది."

"చిన్నపిల్లల పేరు చెప్పి ఏడిపిస్తరని గూడ చెప్పిండు షోయబ్." కానీ ఈసారి అమ్మీ ఫోన్ పెట్టేయలేదు. "నువ్వు నా బిడ్డవే అయితే, నా బిడ్డకే ఎర్కున్నది ఒక్కటి చెప్పు."

ముబీనా గబగబా తండ్రి పేరు, తాత పేరు, పుట్టిన తేదీ చెప్పింది.

"గవన్ని ఆధార్‌ల ఉంటయ్. ఆగు, నేనే అడుగుత." అంది అమ్మీ. "నిర్మల్ నుంచి వచ్చిన పెండ్లి సంబంధం ఎందుకు తప్పింది?"

"వాళ్లు... వాళ్లే వద్దన్నరు."

"గది భైంసల కుక్కపిల్లకు గూడ ఎర్కే. దొంగోనికి ఎర్కుండదా? పెట్టేస్తున్న."

"ఆగమ్మీ!"

ప్రేమ్‌చంద్ కళ్లు తెరిచాడు. బక్కయ్య తలెత్తాడు. ఇద్దరు మగవాళ్లు వింటుండగా చెప్పాల్సిన మాట కాదది. ఎవరూ లేని గదిలోనైనా ఇన్నాళ్లూ చెప్పలేకపోయిన మాట. స్తుతి చూపు మాత్రం ఆమె మొహం మీదే ఉంది.

"నేనే వద్దన్న అమ్మీ" అంది ముబీనా. "కొలువు ఆర్డర్ వచ్చిన దినం, నువ్వు నమాజుల ఉన్నప్పుడు, నీ ఫోన్‌తోనే పిలగాని అమ్మకు చేసిన. నాకీ పెండ్లి వద్దు, మీరే వద్దన్నరని చెప్పుండ్రని ఏడ్సిన. ఆమె ఒప్పుకున్నది. నీకు చెప్పే ధైర్యం రాలే. అందరు నిన్ను తలా ఒక మాటంటుంటె, పిల్లల ఏదో లోపముందంటుంటె, ఇని గూడ నోరు మూసుకున్న. మాఫ్ చెయ్యి అమ్మీ."

తెర మీద గడువు సెకండ్లు కరిగిపోతున్నాయి.

"రాస్కో" అంది బిస్మిల్లా బీ. "నాలుగు. సున్న. ఏడు. ఏడు. రొండు. తొమ్మిది."

ముబీనా ఒక్కో అంకె కొట్టింది. ఖాతా తెరుచుకుంది. తన సొంత నంబరు ఎక్కించింది, దానికి వచ్చిన కోడ్ కొట్టింది. స్తుతి పేరు, వయసు, రక్తం గ్రూపు, డాక్టరు పేరు రాసింది. ప్రేమ్‌చంద్ తన కంప్యూటర్ మీదకు ఉరికినంత పని చేసి ఓకే నొక్కాడు. "మీ వినతి అందింది" అని పచ్చగా రాసి వచ్చింది. గోడ గడియారం ఇంకా ఐదు కొట్టలేదు. బక్కయ్య మనవరాలి తల నిమురుతూ నిలబడ్డాడు.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాక చూసింది ముబీనా, అమ్మీ ఇంకా లైన్‌లోనే ఉంది.

"అయ్యిందా? పిల్లకు దొరికినట్టేనా రక్తం?"

"దొరికిందమ్మీ. రేపొస్తది. ఇగ నంబర్ గూడ నా ఫోన్‌కే వస్తది." ముబీనా కళ్లు తుడుచుకుంది. "నీకు ముందే ఎర్కనా?"

"ఖానాపూర్ షాదీల పిలగాని అమ్మనే చెప్పింది. నిరుటి మాట. నువ్వే చెప్తవని సూసిన."

"అడిగేటందుకు ఇంకేం దొరకలేదా అమ్మీ?"

"ఏం చెయ్యాలె బేటా, వేరే ఏదీ యాదికి రాలే. రోజు మనసుల మెదిలేది గదొక్కటే." బిస్మిల్లా బీ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "కొలువు చేస్త అంటె కొడ్తుంటినా నిన్ను? చెప్తె నేనే మాట్లాడుదును గద వాళ్లతోని."

ముబీనా ఎదుట తెర మీద ఇంకో ప్రశ్న వచ్చి నిలబడింది, మీ ఫోన్ పోతే కోడ్ ఎవరికి పంపాలి అని. ఆ పక్కనే, ఈసారి ఎక్కడికీ పోకుండా, "తర్వాత" అనే మీట ఉంది.

"ఇగ నాకు నంబర్ రాదా మరి?" అని అడిగింది అమ్మీ.

ముబీనా తల్లి నంబరు కొట్టి, "ఇప్పుడే" నొక్కింది.

"వస్తదమ్మీ. నాది పోతే నీకే వస్తది."

"వస్తె మళ్ల అడుగుత. ఊకె చెప్ప."

"అడుగు" అంది ముబీనా. "ఏదడిగినా చెప్త."