లేని బ్రేకు

తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చేసరికి అనుమానంగారు ఇంకా కళ్లద్దాలు తుడుచుకుంటూనే ఉన్నారు. ‘నిరూపితం.’ నాలుగే నిమిషాలు! మామూలుగా రెండు గంటలు పట్టే పని.

తుడవడం ఆపేశారు.

లిఫ్టులు తయారుచేసే ఆ కంపెనీలో ముప్పైయేళ్లుగా ఆయనదొకటే ఉద్యోగం. తలుపు తెరిచి ఉండగా మనుషులెక్కే పెట్టెను కదలనివ్వదని, లిఫ్టును నడిపే ప్రోగ్రాము గురించి గణితంతో రుజువు చెయ్యాలి. పదిసార్లు ఎక్కి దిగి చూడడం కాదు. జరగగలిగినవన్నీ ఒక్కటి వదలకుండా కంప్యూటరు చేత జల్లెడ పట్టించడం. వేసిన తాళాన్ని రెండుసార్లు లాగి చూసే మనిషి. ‘అనుమానం’ అన్న పేరు ఆఫీసులో పుట్టి ఇంట్లో ఖాయమైంది.

ఈవేళే ఆఖరి రోజు. ఐదింటికి వీడ్కోలు. ఆలోగా ఆసుపత్రి లిఫ్టు కాగితం మీద సంతకం పెడితే, రేపు పొద్దున్నుంచి అందులోకి స్ట్రెచర్లు ఎక్కుతాయి.

మేనేజరమ్మ తొంగిచూసింది. “అయిపోయిందటగా మాస్టారూ! సంతకం పడేస్తే కేకు కోసేద్దాం.”

“ఇంత తొందరగా ఎలా అయిందమ్మా?”

“ఆలస్యమైతే ఒక అనుమానం, తొందరగా అయితే ఒక అనుమానం! మీ ఆవిడ ఎలా వేగుతోందో గానీ.”

“ఆవిడ లిఫ్టే ఎక్కదు. నా మాటలు విన్నాక మెట్లే నయమంది.”

నవ్వుతూ అంటూనే కీబోర్డు దగ్గరికి లాక్కున్నారు. కంప్యూటరును పరీక్షించడానికి ఒక పిచ్చి మాట టైపు చేశారు: తలుపు తెరిచినప్పుడల్లా లిఫ్టు కదులుతూనే ఉంటుంది. శుద్ధ అబద్ధం. కంప్యూటరు తడుముకోకుండా ‘నిరూపితం’ అంది.

రుజువుకు ముందే ఒప్పుకునే షరతుల జాబితా తెరిచారు. వరుస వరుసా వేలు పెట్టి చదివారు. ఒకచోట, బ్రేకు సెకనులో పదోవంతు లోపే పట్టుకుంటుందని ఉంది. ఇంకాస్త కింద, కనీసం రెండు పదోవంతులు పడుతుందని. మొదటిది పాత బ్రేకుది. పోయిన నెల బ్రేకు మారినప్పుడు కొత్త వరుస చేర్చి, పాతది తీసెయ్యడం మరిచారు. రెండూ ఒకేసారి నిజమయ్యే బ్రేకు లోకంలో లేదు. లేని బ్రేకు గురించి ఏం చెప్పినా కంప్యూటరు కాదనదు.

రెండింటి పక్కనా రాసినవారి గుర్తుగా ఉన్న పొడి అక్షరాలు ఆయనవే.

పాత వరుస తీసేసి మళ్లీ నడిపించారు. భోజనం ముట్టలేదు. భార్య ఫోను చేసింది.

“ఏమండీ, ఐదింటికి బయల్దేరతారా?”

“చెప్పలేను.”

“ఆఖరి రోజు కూడానా!”

నాలుగు దాటాక తెర ఎర్రబడింది. ప్రమాదం ఎలా జరగగలదో కంప్యూటరు ఒక్కో అడుగే వరుసగా చూపింది. పదిహేడో అడుగు: తలుపు తెరిచి ఉంది. నిండు బరువు. మోటారు వదిలేసింది, బ్రేకు ఇంకా పట్టలేదు. పెట్టె మూడంగుళాలు జారింది. గడప మీద సగం లోపల, సగం బయట ఉన్న స్ట్రెచరు ఆయన కళ్ల ముందు ఒరిగింది.

మేనేజరమ్మ గదిలోకి వెళ్లి నిలబడ్డారు. “రేపు ఆ లిఫ్టు నడవకూడదమ్మా. తప్పు నాదే.”

ఆవిడ గొంతు తగ్గించింది. “ముప్పైయేళ్ల పేరు మాస్టారూ! మీరు సంతకం పెట్టి వెళ్లండి. మేం వారంలో గుట్టుగా సరిచేసేస్తాం.”

“వారంలో ఎంతమందిని ఎక్కిస్తారు?”

 ఆవిడ ఫోను అందుకుంది. “ఆసుపత్రేనా? రేపు లిఫ్టు తెరవకండి...”

పక్క గదిలో వీడ్కోలుకు చేరినవాళ్లు ఇటు తిరిగారు. అనుమానంగారు కాగితం మీద ‘రుజువు కాలేదు’ అని రాసి, కింద సంతకం పెట్టి, ఎవరి కళ్లలోకీ చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయారు.

కుర్చీ వీపున ఆయన బూడిదరంగు స్వెట్టరు ఉండిపోయింది. మోచేతి దగ్గర నీలం ఊలుతో వేసిన అతుకు, భుజాల దగ్గర ఇంకా ఆయన భుజాల ఒంపే.